అర పోగు

మెడ వెనక చల్లగా ఏదో అంటించి, "ఇక నడవండి" అంది డాక్టర్ షాహీన్. నేను నడక మిషను మీద నాలుగడుగులు వేశానో లేదో, పక్కనే వాలు కుర్చీలో దర్జాగా కూర్చున్న మా పున్నమ్మ వదిన "అమ్మో, నా కాళ్లు!" అని కేక పెట్టింది.

నడుస్తున్నది నేను. కాళ్లు లాగేస్తున్నది ఆవిడకి.

"ఆపెయ్యండి డాక్టరమ్మా" అని నేను కంగారుపడుతుంటే వదిన చెయ్యి అడ్డం పెట్టింది. "ఆపబాకండి. కొత్త గదా, దడుసుకున్నా అంతే. ఏందే నాంచారీ, రోజూ ఇట్టాగే ఉంటదా నీకు? వంటింట్లోంచి వసారాలోకొచ్చేసరికి ఇదేనా?"

"ఇంతకన్నా ఎక్కువే ఉంటది వదినా. నీకిప్పుడొచ్చింది సగమే."

వదిన కాసేపు నోరెత్తలేదు. ఆవిడ నోరెత్తకుండా ఉండటమంటే మా పేరాల ఊళ్లో కరెంటు పోకుండా ఉండటం లాంటిది. తర్వాత మెల్లగా అడిగింది. "నేనెప్పుడన్నా నిన్ను బద్ధకం మనిషని తిట్టానా?"

"రెండుసార్లు."

"అదీ గుర్తుపెట్టుకున్నావు చూడు, దొంగదానా" అంటూ కళ్లు తుడుచుకుంది.

నేనింకా నడుస్తూనే ఉన్నాను. ఒళ్లు తేలిగ్గా ఉంది. అంత తేలిగ్గా నడిచి ఎన్నేళ్లయిందో నాకే గుర్తులేదు.

నా సంగతి దాచేదేం లేదు. నాకు హెచ్‌ఐవి ఉంది. మా ఆయన తెచ్చాడు, నాకిచ్చాడు, తను ముందే వెళ్లిపోయాడు. తిట్టుకోవాల్సినవన్నీ ఎప్పుడో తిట్టేసుకున్నాను, ఇప్పుడు తిట్టే ఓపిక కూడా లేదు. రోజూ మాత్ర వేసుకుంటాను. పరీక్ష చేస్తే రక్తంలో క్రిమి కనపడనంత తగ్గింది, నా వల్ల ఇంకొకరికి రాదని డాక్టర్లు చెప్పేశారు. కాబట్టి చావు భయం లేదు. మిగిలిందల్లా అలసట.

దీని గురించి ఎవరికైనా చెబితే "మాకు మాత్రం లేదా" అంటారు. వాళ్లకుండేది వేరు. నిద్రపోతే పోతుంది, టీ తాగితే పోతుంది. నాది పోయేది కాదు, కాపురం పెట్టినది. తల దువ్వుకుంటే కూర్చోవాలి. బిందె కడిగితే కూర్చోవాలి. మొదట్లో వాడిన పాత మందులు నా ప్రాణం నిలబెట్టాయి, వాటికి ఎన్ని దణ్ణాలు పెట్టినా చాలదు. కాకపోతే వెళ్తూ వెళ్తూ నా కండల్లో కొన్ని పొయ్యిలు ఆర్పి పోయాయి. పొయ్యిలు అనే మాట షాహీన్ డాక్టరుదే. ఒంట్లో ప్రతి కణంలోనూ బలం పుట్టించే బుల్లి బుల్లి పొయ్యిలుంటాయట. వ్యాయామం చేస్తే మళ్లీ రాజుకుంటాయట. వ్యాయామం చేద్దామంటే ఆ పొయ్యిలే వెలగవు! నేను ప్రయత్నించకపోలేదు. వీధి చివర దాకా నడిస్తే రెండు రోజులు మంచం పట్టేదాన్ని.

అంతకుముందు నేను మగ్గం మీద మహారాణిని. మాది కుప్పడం మగ్గం. పోగును అటూ ఇటూ మోసే నాడెలు రెండుంటాయి, చీర ఒంటికి ఒకటి, అంచుకు ఇంకొకటి. ఒక్కరితో అయ్యే పని కాదు, ఇద్దరం మగ్గం గుంటలో పక్కపక్కన కూర్చోవాలి. నేను కాలికింది చెక్కలు తొక్కి ఒంటి నాడె విసురుతాను, వదిన అంచు నాడె తోస్తుంది. రెండు పోగులూ కలిసిన చోట మెలివేస్తేనే ఆ వరస నిలుస్తుంది. నేను విసిరాక ఆవిడ చెయ్యి ఆగకూడదు, ఆవిడ తోస్తుంటే నా కాలు ఆగకూడదు. ఇల్లు తగలబడుతున్నా సరే వరస ముగించే లేవాలి. అర పోగు మీద లేస్తే మగ్గానికి అరిష్టమని మా అత్తగారు చెప్పేది, వాళ్లత్తగారు ఆవిడకి చెప్పిందట. మా పేటలో పసిపిల్ల ఏడ్చినా తల్లి వరస ముగించే లేస్తుంది.

ఇంకొకటి కూడా చెప్పాలి. నూలు చుట్టిన కండె మార్చినప్పుడల్లా నాడె కన్నంలోంచి పోగును నోటితో పీల్చి బయటికి లాగుతాం. అందరం అంతే. నా రోగం సంగతి బయటపడిన రోజు, అప్పట్లో నా పక్కన కూర్చునే మనిషి నా నాడె ముట్టుకోనంది. ఇంకో మనిషీ ముట్టుకోలేదు. వీధిలో ఆడాళ్లంతా చోద్యం చూడటానికి మా గుమ్మం ముందు నిలబడ్డారు. అప్పుడొచ్చింది మా ఆయన అక్క, ఈ పున్నమ్మ. మొగుడు పోయాక పుట్టింట్లోనే ఉంటూ, అప్పటిదాకా నాతో సరిగ్గా మాట్లాడని మనిషి. నేనప్పుడే పీల్చి పెట్టిన నాడె తీసుకుంది. అందరూ చూస్తుండగా నోట్లో పెట్టుకుని ఆ కన్నంలోంచే ఇంకోసారి పీల్చింది. పోగు కొస వేలికి చుట్టుకుని గుంటలోకి దిగి, "ఊఁ, కూర్చో. పొద్దెక్కింది" అంది.

అంతే. ఇంకో మాట లేదు. ఆ రోజునుంచి నా పక్క చోటు ఆవిడది.

అలసట ముదిరి నేను మగ్గం దిగిపోయాక వదిన ఆ చోట ఇంకెవరినీ కూర్చోనివ్వలేదు. సగం నేసిన మామిడిపిందె అంచు చీర మగ్గం మీదే ఉండిపోయింది. రోజూ పొద్దున్నే దాని మీద గుడ్డ తీసి దులిపేది. మళ్లీ కప్పేది. "ఈ గుంట పూడ్చి గచ్చు చేయించుకోండమ్మా" అని ఎవరో సలహా చెప్పబోతే "నిన్ను పూడుస్తా" అంది. ఆ చీర నేసి మగ్గం మీంచి దింపాలి, అదీ వదిన పక్కన కూర్చుని దింపాలి. నాకున్న కోరిక అదొక్కటే.

అలాంటప్పుడు నాకు మాత్రలిచ్చే ఏఆర్‌టీ సెంటర్‌లో చెప్పారు, సముద్రం దారిలో కొత్తగా పెట్టిన పరిశోధన కేంద్రంలో ఇట్లాంటి అలసట మీద ప్రయోగం చేస్తున్నారని. వెళ్తే షాహీన్ డాక్టర్ జోడు పట్టీలు చూపించింది. ఇద్దరి మెడల వెనకా చెరొకటి అంటించే పలచటి బిళ్లలు.

"కండరం అలిసిందని మెదడుకు కబురు వెళ్తుంది. నాంచారమ్మగారి కండరాలు అలవకముందే గోల మొదలుపెడతాయి. ఆ కబురులో సగం తీసి ఇంకొకరి మెదడుకు పంపిస్తాం. ఈవిడ ఇంకాసేపు నడవగలుగుతుంది. అలా నడవగా నడవగా ఆ పొయ్యిలు మళ్లీ రాజుకుంటాయి."

వదిన వెంటనే అందుకుంది. "అంటే గంగాళం చెరో చెవి పట్టుకుని మొయ్యడమేగా?"

"అంతే. కానీ పున్నమ్మగారూ, ఇది ఉత్తుత్తి అలసట కాదు. మెదడు నమ్మితే గుండె కూడా నమ్ముతుంది. మీ ఒళ్లు కూడా నిజంగానే కష్టపడుతుంది. అందుకే ఇద్దరి చేతుల్లోనూ చెరో మీట పెడతాను. చాలు అనిపించిన క్షణంలో నొక్కెయ్యాలి. ఎవరు నొక్కినా ఆగిపోతుంది."

"ఓ యబ్బో, నొక్కకేం" అంది వదిన. ఆవిడ గుండె, రక్తం అన్నీ పరీక్ష చేసి, భేషుగ్గా ఉన్నాయన్నారు. "ఇనప గుండు నేను. నువ్వు నడువు, నేను కూర్చుంటా. కూర్చోడానికి కూడా ఒక పరీక్షా!"

అలా మొదలైంది. ఎండ ముదిరి, వానలు పడి, వానలు వెనకబట్టేదాకా సాగింది. నేను మొదట మిషను మీద నడిచాను, తర్వాత సైకిలు తొక్కాను, తర్వాత ఎత్తు మీదికి నడిచాను. ఇంట్లో కూడా తేడా తెలిసింది. కూరగాయల బజారుకి వెళ్లి సంచి నేనే మోసుకొచ్చిన రోజు వసారాలో కూలబడి గట్టిగా ఏడ్చాను. అలసిపోయి కాదు, అలవనందుకు. వదిన వంకాయలు చూసి "ఇన్ని పుచ్చులు ఏరి తేవడానికేనా నేనక్కడ కాళ్లీడ్చుకుంటంది" అంది.

కానీ వదినా మారింది. సాయంత్రం కంచం ముందు కూర్చుని ముద్ద చేతిలో ఉండగానే కునికేది. నీళ్ల బిందె సగం నింపేది. నేను డాక్టరుకి చెబితే ఆవిడ మళ్లీ పరీక్షలు చేసి వదిన మోసే వంతు తగ్గించింది. వదిన మాత్రం నా మీద విరుచుకుపడింది. "నీకెవరు చెప్పమన్నారే? నా కాళ్లు నా ఇష్టం. నువ్వొచ్చి చెక్కలు తొక్కేదాకా ఆపేది లేదు. ఆ చీర మీద దుమ్ము దులపలేక చస్తన్నా."

ఇక ఆ రోజు సంగతి. మామూలుగానే పట్టీలు అంటించారు. మామూలుగానే చెరో మీటా పట్టుకున్నాం. ఎత్తు కాస్త పెంచారు. నాకు ఆయాసం వచ్చింది, చాలనిపించింది కూడా. పక్కకు చూస్తే వదిన మీట నొక్కలేదు, దవడ బిగించి నా కాళ్ల వంకే చూస్తోంది. ఆవిడ ఆపలేదు కదా అని నేను ఇంకో అడుగు వేశాను. నేను అడుగు వేశాను కదా అని ఆవిడ పట్టుకునే ఉంది. మగ్గం మీద లాగే నేను నాడె విసిరాను, ఆవిడ అందుకుంది. ఆవిడ అందుకుంది, నేను మళ్లీ విసిరాను. జన్మంతా చేసిన పని, ఒంటికి వేరే పని తెలియదు.

మీట వదిన చేతిలోంచి జారి గచ్చు మీద పడింది. తల పక్కకి వాలిపోయింది.

డాక్టర్ షాహీన్ పరుగున వచ్చి రెండు పట్టీలూ పీకేసింది. గుండె తాళం తప్పింది. తాళం తప్పి, ఆగినంత పనై, వాళ్లు చేసిన మందుకూ మాయకూ మళ్లీ దారిన పడింది. నేను ఆసుపత్రి వరండాలో నిలబడి ఊళ్లో ఉన్న దేవుళ్లందరికీ, చర్చిలో ఉన్న దేవుడికీ, దర్గాలో ఉన్న బాబాకీ మొక్కేశాను. ఎవరు విన్నారో తెలియదు. అందుకే తర్వాత అందరికీ కొబ్బరికాయలూ కొవ్వొత్తులూ చాదర్లూ చెల్లించాను.

వదిన కళ్లు తెరిచాక డాక్టరు ఆవిడ చెయ్యి పట్టుకుని అడిగింది. "చాలనిపిస్తే నొక్కమన్నాను కదమ్మా. ఎందుకు నొక్కలేదు?"

"ఎట్టా నొక్కేది తల్లీ? అది పోగు విసిరిందిగా" అంది వదిన, ఇదేం ప్రశ్న అన్నట్టు.

డాక్టరుకి అర్థం కాలేదు. నేను మా మగ్గం సంగతి చెప్పాను. విసిరాక ఆగకూడదని, అర పోగు మీద లేవకూడదని. విని ఆవిడ తల వంచుకుంది. "చాలు అనిపిస్తే ఆపుతారు అని లెక్క వేసుకున్నాను. మనుషులు ఒకరి కోసం ఒకరు ఆపకుండా ఉంటారని వెయ్యలేదు" అంది. మర్నాడు పట్టీలన్నీ పెట్టెలో పెట్టి తాళం వేసింది. ప్రయోగం ఆగిపోయింది.

ఇంటికొచ్చిన వదిన మా ఇనప గుండు వదిన కాదు. గుండె బాగుపడాలంటే రోజూ కొంచెం కొంచెం నడవాలన్నారు. మంచం మీంచి గుమ్మం దాకా నడిచేసరికి పెదాలు పాలిపోయి, వెనక్కి తిరిగేది. "నా వల్ల గాదులేవే" అనేది. ఆ మాట ఆవిడ నోట నేనెప్పుడూ వినలేదు. నడవకపోతే ఇంకా నీరసం, నీరసమైతే ఇంకా నడవలేదు. నడిస్తేనే పొయ్యి రాజుకుంటుంది, పొయ్యి రాజుకుంటేనే నడక. ఆ కథ నాకు బాగా తెలుసు.

నేను తిన్నగా డాక్టరు దగ్గరికి వెళ్లాను.

"పెట్టె తియ్యండి."

"వద్దు నాంచారమ్మగారూ. ఇంకో ప్రాణంతో ఆడలేను."

"ఈసారి నేను కూర్చుంటా. ఆవిడ నడుస్తది. ఆవిడ అలసట నాకియ్యండి."

ఆవిడ నన్ను వెర్రిదాన్ని చూసినట్టు చూసింది. "మీరే ఇప్పుడిప్పుడే కోలుకున్నారు. పైగా హెచ్‌ఐవి ఉన్నవాళ్లను మోసేవాళ్లుగా ఎప్పుడూ పెట్టలేదు."

"ఎందుకు పెట్టలేదు? ఎప్పుడూ మమ్మల్ని మోయించుకునేవాళ్లుగానే చూస్తే ఎట్టాగమ్మా?" కోపం వచ్చి గొంతు పెరిగింది నాకు. "అలసటతో ఇన్నేళ్లు కాపురం చేసినదాన్ని నేను. అది ఎప్పుడు గుమ్మంలోకొస్తదో, ఎప్పుడు ఇల్లెక్కి కూర్చుంటదో దాని అడుగు చప్పుడు బట్టి చెప్తా. మా వదినకి అదేం తెలుసు? జన్మలో అలవని మనిషి. దాన్ని చూసి బెదిరిపోతంది. మీరు పరీక్షలన్నీ చెయ్యండి. పనికిరానంటే లేచి పోతా."

ఆవిడ పరీక్షలన్నీ చేసింది. వానలన్నాళ్లూ నడిచిన నడక వృథా పోలేదు, పనికొస్తానని తేలింది. అయినా వెంటనే ఒప్పుకోలేదు. పై కమిటీ వాళ్లను ఒప్పించింది, పట్టీలు మార్చింది. ఇప్పుడు మీటల్లేవు. ఎవరి గుండె కాస్త తొందరపడినా పట్టీయే ఆ కబురు తెంపేస్తుంది. "మీ ఇద్దరినీ నేను నమ్మను" అని మొహం మీదే చెప్పింది. నాకు నవ్వొచ్చింది. ఆ మాటకి ఆవిడ చెయ్యి పట్టుకుని కళ్లకద్దుకున్నాను.

వదినను ఒప్పించడం ఇంకా కష్టమైంది. "నీ ఒంట్లో ఉన్నదే ఇంత. అందులో నాదెక్కడ పెట్టుకుంటావే?" అని మొరాయించింది.

"నువ్వు నా నాడె నోట్లో పెట్టుకున్నప్పుడు నేను అడిగానా, యాడ పెట్టుకుంటావని?"

వదిన లేచి చెప్పులు వెతుక్కుంది.

వదిన నడక మిషను మీద అడుగు వేసింది. వాలు కుర్చీలో కూర్చున్న నా పిక్కల్లోకి సీసం పోసినట్టయింది. భుజాలు దిగిపోయాయి, రెప్పలు బరువెక్కాయి. నాకు తెలిసిన అలసటే. ఎదురింటావిడలా పరిచయమే. కానీ డాక్టరు చెప్పింది, నాకొచ్చింది వదిన పడుతున్నదాంట్లో పావు వంతని. పావే ఇంతుంటే! ఇంతకింత నెలల తరబడి మోసి, ఇంటికొచ్చి పొయ్యి వెలిగించి, నా కంచంలో అన్నం పెట్టి, వంకాయలు పుచ్చులని నన్ను ఏడిపించిందా ఈ మనిషి? నాకు దుఃఖం ఆగలేదు. కృతజ్ఞత అంటే ఏమిటో అప్పటిదాకా నోటితో తెలుసు, ఆ రోజు ఒంటితో తెలిసింది.

"ఏడవబాకే, నాకు అడుగు పడదు" అంది వదిన మిషను మీంచి.

"ఏడవట్లా. ఇంకో రెండడుగులు వేసి ఆపు."

"ఇంకా వెయ్యగలను."

"వెయ్యగలిగినప్పుడే ఆపాలి. అది వచ్చి మీద కూర్చున్నాక గాదు, వస్తందనగానే మనమే ముందు కూర్చోవాలి. దానికి పీట వెయ్యకూడదు. నేను చెప్తన్నాగా, ఆపు."

ఆపింది. మా వదిన నా మాట వినడం అదే మొదలు.

ఆ చలికాలమంతా ఆవిడ నడిచింది, నేను కూర్చున్నాను. గుమ్మం దాటింది, వీధి దాటింది. నా పావు వంతు అరపావైంది, తర్వాత పట్టీలే అక్కర్లేకపోయాయి. వాటిని డాక్టరుకి తిరిగి ఇచ్చేసిన రోజు మగ్గం ఆడే రోజుల్లో మేము నేసిన జేబురుమాళ్లు రెండు ఆవిడకి ఇచ్చాం. ఇప్పుడు ఇలాంటి జంటలు అక్కడ చాలా ఉన్నాయి. భార్యాభర్తలు, అక్కాచెల్లెళ్లు, పక్కింటివాళ్లు. మోసినవాళ్లు తర్వాత మోయించుకుంటున్నారు కూడా.

ఒక పొద్దున వదిన మగ్గం మీది గుడ్డ తీసి, దులిపి, మళ్లీ కప్పలేదు. నా వంక చూసింది. నేను గుంటలోకి దిగాను. చెక్కల మీద కాళ్లు ఆనాయి. నాడె విసిరాను. ఆవిడ అంచు నాడె తోసింది. పోగులు మెలిపడ్డాయి, వాటిని బిగిస్తూ పలక దెబ్బ పడింది. ఆ చప్పుడుకి ఎదురింట్లో రోకలి ఆగింది. ఎవరో "పున్నమ్మక్క మగ్గం ఆడుతందర్రా!" అన్నారు.

ఒక మామిడిపిందె పూర్తయి రెండోది సగానికొచ్చింది. నేను నాడె విసిరాను. అంచు నాడె రాలేదు.

పక్కకు చూశాను. నాడె ఒళ్లో పెట్టుకుని వదిన నిదానంగా ఊపిరి తీసుకుంటోంది. "నాంచారీ, చాలే. ఆపుదాం" అంది.

"అర పోగు మీదా?"

"అర పోగు మీదే. మా అమ్మ గనక చూస్తే చంపుతది."

"మీ అమ్మకి నేను చెప్పుకుంటాలే" అన్నాను. ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని గుంటలోంచి పైకొచ్చాం. వసారాలో కూర్చుని చెరో గ్లాసు మజ్జిగ తాగాం. మా వంశంలో అర పోగు మీద లేచి మజ్జిగ తాగినవాళ్లం మేమే అయి ఉంటాం. ఏ అరిష్టమూ రాలేదు, ఆ మధ్యాహ్నం కాకి కూడా అరవలేదు. చీరలో ఆ చోట సన్నటి గీత పడింది. వెలుతురుకు పట్టి చూస్తే కనపడుతుంది. నేనైతే రోజూ పట్టి చూసుకుంటాను.

మర్నాడు ఆ వరసకి అంచు కలిపి మళ్లీ మొదలుపెట్టాం. కాసేపటికి అంచు కండె అయిపోయింది. వదిన లేచి కొత్త కండె తెచ్చి పెట్టి, నిలబడే నాడె నోటి దగ్గర పెట్టుకుంది. పీల్చింది. పోగు రాలేదు. ఇంకోసారి పీల్చింది, రాలేదు. ఆ ఊపిరి ఇంకా రావాల్సి ఉంది ఆవిడకి. గుమ్మంలో నిలబడి ఎవరెవరో చూస్తున్నారు. వాళ్లను చూసి, నన్ను చూసి, నాడె నా చేతిలో పెట్టింది.

"నువ్వు పీల్చియ్యవే. నాకు ఊపిరి చాలట్లా."

నేను పీల్చాను. పోగు కొస తీసి ఆవిడ వేలికి చుట్టాను.

"ఊఁ, కూర్చో" అన్నాను. "పొద్దెక్కింది."